మొదటి గిన్నె

పూర్వం ఐరోపాలో, ఇరుగుపొరుగు రాజ్యాల మధ్య ఉన్న మంచు కనుమలో ఉర్సులా సత్రం నడిపేది. సంధి కోసం ఆ రెండు రాజ్యాల రాయబారులిద్దరూ అక్కడే దిగారు. విందయ్యాకే సంతకాలు. సూపు దగ్గరే సంధి ఆగిపోయింది.

"ముందు నాకు! మా రాజవంశం పాతది."

"కాదు, నాకే! మా రాజ్యం పెద్దది. లేదంటే యుద్ధమే!"

ఉర్సులా గరిటె పట్టుకుని వినయంగా అడిగింది. "దొరలారా, మీ రాజుల భోజనంలో ముందు ఎవరు తింటారు?"

"విషముందేమో చూసే నౌకరు," అన్నాడొక రాయబారి.

"మీలో ఆ నౌకరెవరో చెప్పండి, వడ్డిస్తాను."

"ముందు ఆయనకే!" అన్నారిద్దరూ, ఒకరినొకరు చూపిస్తూ.

ఆమె కుండ మధ్యలో పెట్టి రెండు చెంచాలిచ్చింది. ఒకేసారి తిన్నారు, సంతకాలూ పెట్టారు.

"పెద్దల గొడవలో నీకేం పని?" అన్నాడొకాయన, మూతి తుడుచుకుంటూ.

"యుద్ధమొస్తే ముందు కాలేది నా సత్రమే దొరా. ఆ 'ముందు' కోసం మాత్రం మీరెవరూ పోట్లాడలేదు."