అరచేయంత సొరపన్ను

అనగనగా సముద్రపుటొడ్డున ఒక రేవు. ఆ రేవులో సొరచేప కోయాలంటే కాసులమ్మే కోయాలి. కత్తిపీట ముందు ఆమె కూర్చుందంటే ఎంతటి చేపైనా చూస్తుండగానే ముక్కలయ్యేది.

ఒకనాడు తుఫాను వెలిశాక ఇసుకలో నల్లటి వస్తువొకటి బయటపడింది. అరచేయంత ఉంది, మూడు మూలలు, రంపపు అంచు. చేతులు మారి మారి అది రాజుగారి కొలువుకు చేరింది.

జ్యోతిష్కుడు చూసి "రాక్షసి గోరు!" అన్నాడు. వైద్యుడు "కాదు, పిడుగు ముక్క" అన్నాడు. రత్నాల వర్తకుడేమో పాతాళనాగు కోరేనని బల్లగుద్ది చెప్పాడు. తెలియదనడానికి ముగ్గురిలో ఒక్కరికీ నోరు రాలేదు మరి! రాజు హడలిపోయి, అదేమిటో తేలేదాకా పడవలు కదలరాదని చాటింపు వేయించాడు.

పడవ కదలకపోతే పొయ్యి వెలుగుతుందా? మూడో రోజుకే రేవులో పిల్లలు గంజికి ఏడ్చారు. ఆ వస్తువుకు రంపపు అంచుందన్న మాట విని కాసులమ్మకేదో అనుమానం తట్టింది. తాను కోసిన సొర పన్నొకటి కొంగున ముడేసుకుని కొలువుకు నడిచింది.

నల్లటి వస్తువును తిప్పి తిప్పి చూసి, "ఇది సొరపన్ను మారాజా" అంది.

పండితులు పకపకా నవ్వారు. ఆమె కొంగుముడి విప్పి తన పన్నును దాని పక్కన పెట్టింది. అదే రంపపు అంచు, అవే రెండు పాయల మొదలు. ఒకటి చింతగింజంత, తెల్లన. ఇంకొకటి అరచేయంత, నల్లన, అచ్చం రాయి. నవ్వులు ఆగిపోయాయి.

రాజు మాత్రం గాభరాగా అడిగాడు. "పన్నే ఇంతుంటే సొర ఎంతుండాలి! అది ఇప్పుడు మన సముద్రంలో ఉందా?"

మంత్రి ఆమె చెవిలో గొణిగాడు. "చచ్చిందని, కళ్లారా చూశానని చెప్పెయ్యమ్మా. పడవలు వదిలేస్తారు."

కాసులమ్మ తడబడింది. ఒక్క అబద్ధమాడితే ఊరంతటికీ అన్నం. అయినా ఆ మాట నోటికి రాలేదు.

"నేను చూడలేదు మారాజా. ఇది ఏనాటిదో, ఎలా రాయయిందో నాకు తెలీదు. తెలిసిందే చెప్తాను. నేను కోసిన ఏ సొరకూ రాతిపళ్లు లేవు. ఇంత సొరను చూశామని మా తాతలూ చెప్పలేదు, వాళ్ల తాతలూ చెప్పలేదు. ఆ ధైర్యంతోనే రేపు మొదటి పడవలో నా పెనిమిటిని పంపుతాను."

రాజు తలూపి అన్నాడు: "మూడు రోజులుగా ఈ కొలువులో 'తెలీదు' అన్నది నువ్వొక్కతివే తల్లీ. పడవలు వదలండి!"

తెలియనిది తెలియదని ఒప్పుకునేవారు తెలుసంటేనే లోకం నమ్ముతుంది.