నిలకడలేని నంబరు

"ఓదెలూ! ఒరే ఓదెలూ! ఆ మూలకు ఏం జేస్తున్నవ్‌రా?"

వాకిట్లోంచి గురువు బాలదాసు గొంతు వినబడేసరికి ఓదెలు ఉలిక్కిపడ్డాడు. రౌటర్ తీగ మీద ఉన్న వేళ్లు అదిరాయి. ప్లగ్గు ఊడి చేతిలోకి వచ్చింది. డబ్బా మీద మినుకుమంటున్న పచ్చ దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి.

"కరెంటు పోయింది గురువా!" అన్నాడు, అలవాటు ప్రకారం.

వీధికి రెండువైపులా సాంచాలు మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు. మానేరు ఒడ్డున ఆ ఊరికి అదే గుండె చప్పుడు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కనుక ఓదెలు దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

బాలదాసు తత్వాలు పాడే గురువు. ప్రతి గురువారం సాయంత్రం ఆయన ఇంట్లో తంబూర మోగుతుంది, తాళాలు మోగుతాయి. ఉపదేశం తీసుకున్నవాళ్లే ఆ పాటలు వినాలి, బజార్లో పెట్టకూడదు అన్నది వాళ్ల పరంపర కట్టుబాటు. కాని ఉపదేశం తీసుకున్నవాళ్లలో సగంమంది బతుకుదెరువుకు షోలాపూర్, భీవండి మిల్లులకు వెళ్లిపోయారు. వాళ్లకు పాట ఎలా చేరాలి?

ఇంటర్నెట్ తీగలు లాగే పనిలో ఉన్న ఓదెలే ఉపాయం కనిపెట్టాడు. గురువు ఇంట్లో ఒక పాత కంప్యూటరు, ఒక మైకు, ఒక రౌటరు పెట్టాడు. ఆ ఇంటి నంబరు తెలిసినవాళ్లు ఎంత దూరాన ఉన్నా ఫోన్లో ఆ అంకెలు నొక్కి పాట వినొచ్చు. తెలియనివాళ్లకు అక్కడొక తలుపు ఉందనే తెలియదు.

చిక్కంతా ఆ నంబరుతోనే. ఐపీ అడ్రసు అంటారు దాన్ని. బయటి లోకానికి ఆ ఇంటి గుర్తు అదే. కాని రౌటరు ఆగి మళ్లీ లేచిందంటే కంపెనీవాళ్లు పాత నంబరు తీసేసుకుని కొత్తది అంటగడతారు. అందుకని ఓదెలు కంప్యూటరుకు ఒక పని నేర్పాడు. అది మాటిమాటికీ నంబరు చూసుకుంటుంది. మారిందా, తేదీ, వేళ, కొత్త నంబరు ఒక వరసగా రాసిపెడుతుంది. ఆ వరస చూసి ఓదెలు అందరికీ మెసేజి పంపుతాడు.

అందరికీ అంటే, ఒక్కరికి తప్ప.

షోలాపూర్‌లో లింబయ్య తాత ఉన్నాడు. ఒకప్పుడు బాలదాసు పక్కన కూర్చుని రెండో చరణం అందుకున్నవాడు. ఇప్పుడు మంచం దిగలేడు. ఆయన మనవరాలు సారిక దుప్పట్ల మిల్లులో పనిచేస్తుంది. ఆమెకు మాత్రం ఓదెలు మెసేజి పంపడు. "మెసేజిల అంకెలు తప్పు పోతయ్. పాట రాకుంటే ఫోన్ చేసి అడుగు" అని చెప్పాడు.

ఆమె చేస్తుంది. ఓదెలు ఒక్కో అంకె చెబుతుంటే తిరిగి పలుకుతుంది. మరాఠీ గాలి తగిలిన తెలుగు ఆమెది. ఉత్త ఏడు, తొమ్మిది కూడా ఆ గొంతులోంచి వస్తే ఏదో పాటలో మాటల్లా ఉంటాయి. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆమె అతన్ని 'అన్నా' అనలేదు. 'ఓదెలు గారూ' అంటుంది. ఆ ఒక్క లోటులోనే ఓదెలు ఆశలన్నీ కాపురం పెట్టాయి.

నంబరు మారితే సారిక ఫోను వస్తుంది. మారకపోతే రాదు. మధ్యలో కొన్ని వారాలు కరెంటు చక్కగా ఉండి నంబరు కదల్లేదు. ఊరంతా సంతోషంగా ఉంటే ఓదెలుకు అన్నం సయించలేదు. ఆ తర్వాతే గురువారం మధ్యాహ్నాలు చాటుగా తీగ పీకడం మొదలుపెట్టాడు. ఆశకు అంతెక్కడ? ఆమె ఫోన్లో ఉండగానే ఇంకోసారి పీకి, "మల్ల కరెంటు పోయింది. వచ్చేదాక లైన్లనే ఉండు" అనేవాడు. రౌటరు లేచేదాకా ఇద్దరూ వానల గురించి, తాత దగ్గు గురించి మాట్లాడుకునేవారు.

తీరిక దొరికితే ఆ నంబర్ల వరసలు చదువుకునేవాడు. చూసేవాళ్లకు అవి అంకెలు. అతనికి ఈ వరస నాడు షోలాపూర్‌లో వాన, ఈ వరస నాడు ఆమె పకపకా నవ్వింది.

పోయిన గురువారం మాత్రం ఫోను రాలేదు. నిన్న వచ్చింది.

"షిఫ్టు ఇడవలేదు, చెయ్యలేకపోయిన," అంది సారిక. "తాత పాత నంబరే నొక్కుకుంట నొక్కుకుంట ఫోను చెవికి పెట్టుకునే పండుకున్నడు. పాట రాలె." గొంతులో నవ్వు లేదు. "రేపు పెద్దగురువు ఆరాధన గదా, ఓదెలు గారూ. తాత చరణం పాడే రోజు. వచ్చే ఆరాధనకు ఉంటనో లేదో అంటుండు. రేపన్న వస్తదా పాట?"

"వస్తది," అన్నాడు ఓదెలు.

అన్నవాడే ఈరోజు మళ్లీ తీగ దగ్గరికి వచ్చాడు. నవ్వులేని ఆ గొంతు చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి మళ్లీ మామూలుగా మాట్లాడితే చాలు, ఇదే ఆఖరు అనుకున్నాడు. తీరా వేళ్లు పెట్టాక తాత మంచం గుర్తొచ్చి పీకలేకపోయాడు. సరిగ్గా అప్పుడే గురువు పిలిచాడు.

ఓదెలు ప్లగ్గు పెట్టేసి వాకిట్లోకి వచ్చాడు. బాలదాసు అరుగు మీద తంబూర తీగలు బిగిస్తున్నాడు.

"మల్ల మారిందా నంబరు?"

"మారింది గురువా. దానికి నిలకడ లేదు, నేనేం జేద్దు?" ఓదెలు ఫోన్లో వరసలు తెరిచి చూపించాడు. తప్పు దాచుకునేవాడికి నోరు కాస్త పెద్దదవుతుంది. "సూడుండ్రి, ఒక్కటి తప్పకుంట రాసిపెట్టిన. నేను లేకుంటే మీ పాట మానేరు దాటది."

పక్కనే రాజవ్వ తాళాలకు చింతపండు రుద్దుతోంది. పక్కింటి ముసలామె, గురువుకు తొలి శిష్యురాలు. ఆమె పళ్లులేని నోటితో నవ్వింది.

"మొన్నటిదాక గురువు పాదాలు మొక్కెటోడు. ఇప్పుడు డబ్బ పాదాలు మొక్కుతుండు. రేపు పాటలు గూడ నేనే కట్టిన అంటడు."

"నువ్వు ఊకో అవ్వా. నంబరు తెల్వకుంటే షోలాపూరోళ్లు ఎట్లొస్తరు? నన్ను అడగాల్సిందే గదా?"

బాలదాసు తంబూర పక్కన పెట్టి లేచాడు. వాకిట్లో తిరుగుతున్న రాజవ్వ పిల్లలకోడిని ఒడుపుగా పట్టుకుని, దాన్ని జామచెట్టు వెనక్కు తీసుకుపోయి గంప కింద మూశాడు. పిల్లలు కియ్యోమంటూ తల్లి ఇందాక ఉన్నచోటనే గిరగిరా తిరిగాయి.

"అయ్యో, నా కోడి ఏం పాపం జేసింది గురువా?"

బాలదాసు వేలెత్తి ఊరుకోమన్నాడు.

గంప కింద కోడి కాసేపు బిగుసుకుని ఉంది. తర్వాత కొక్, కొక్ అని పిలిచింది. పిల్లలన్నీ మెడలు నిక్కించాయి. ఒక్క ఉరుకున జామచెట్టు వెనక్కు పోయి, గంప సందుల్లోంచి దూరి తల్లి రెక్కల కిందకు చేరాయి.

బాలదాసు పిల్లల్ని బయటికి తోలి, గంపను నీళ్లతొట్టి పక్కకు జరిపాడు. కోడి పిలిచింది. పిల్లలు అక్కడికీ పోయాయి.

"కోడి ఏడున్నదో పిల్లలు రాసుకున్నయారా?"

"లేదు గురువా."

"ఎవలనన్న అడిగినయా?"

ఓదెలు ఫోన్లో తెరిచిన వరసలు మూసేశాడు.

గురువు గంప ఎత్తి కోడిని వదిలేశాడు. చేతులు దులుపుకుని మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. తంబూర తీగ బిగిస్తూ, గాలితో అన్నట్టు అన్నాడు.

"సాంచాలు బాగ కొట్టుకుంటున్నయ్ ఇయ్యాల."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓదెలుకు ఆ చప్పుడు వినబడింది. చెవులు కాలిపోయాయి.

అతనికి తెలియని విద్య కాదు. ఆఫీసులో తోటివాడు ఎప్పుడో చెప్పాడు. ఇంటికి మారని పేరొకటి పెట్టు. నంబరు మారినప్పుడల్లా ఇంట్లో ఉన్న కంప్యూటరే ఆ పేరు దగ్గర కొత్త నంబరు చెప్పి వస్తుంది. జనం పేరు పట్టుకుని వచ్చేస్తారు. "ఒక్క పూట పనిరా" అన్నాడు కూడా. ఆ ఒక్క పూటతో సారిక గొంతు ఆగిపోతుందని ఓదెలు ఆ పని ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకున్నాడు. కూర్చున్నవాడు పొద్దు వాలేదాకా లేవలేదు. రాజవ్వ చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది. ఏం పేరు పెట్టాలా అని మాత్రం ఆలోచించనక్కర్లేకపోయింది. 'రెండోచరణం' అని పెట్టాడు.

అందరికీ మెసేజి రాశాడు. ఈసారి సారికకు కూడా. "ఇక నుంచి ఈ పేరు చాలు. నంబరు మారినా పాట దొరుకుతుంది. నాకు ఫోన్ చేసి అడగాల్సిన పని లేదు." ఆఖరి మాట వైపు చాలాసేపు చూశాడు. కళ్లు మూసుకుని పంపేశాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు నిండింది. బాలదాసుకు ఉపదేశమిచ్చిన పెద్దగురువు పటానికి బంతిపూల దండ పడింది. తెర మీద వినేవాళ్ల లెక్క ఒక్కొక్కటే పెరుగుతోంది. బాలదాసు తంబూర భుజాన చేర్చి ఎత్తుకున్నాడు.

"నూలు తెగితె ముడి వేతును గురుడా..."

రెండో చరణం దగ్గర ఆగాడు. ప్రతి ఆరాధనకూ అక్కడ ఆగుతాడు, లింబయ్య కోసం.

అప్పుడు కరెంటు పోయింది.

నిజంగా పోయింది. వీధి వీధంతా సాంచాలు ఒక్క దెబ్బకు ఆగాయి. ఊరి గుండె పట్టేసినట్టయింది. తెర నల్లబడింది. పోయిందని ఓదెలు చెప్పనక్కర్లేకపోయింది. ఊరంతా ఒక్కసారిగా ఆ మాటే చెబుతోంది. షోలాపూర్‌లో తాత చెవి దగ్గర కూడా ఇదే నిశ్శబ్దం.

బాలదాసు తంబూర ఆపలేదు. చీకట్లో అదే శ్రుతి, అదే నిదానం. రాజవ్వ తాళాలు దానికి తోడు నడిచాయి.

కాసేపటికి దూరంగా ఒక సాంచా కదిలింది. దగ్గర్లో ఇంకొకటి. చూస్తుండగానే వీధంతా లేచింది. కంప్యూటరు లేచింది. రౌటరు మీద ఎర్ర దీపం వెలిగి పచ్చగా మారింది. కొత్త నంబరుతో కొత్త వరస ఒకటి పడింది. ఓదెలు చెయ్యి ఫోను మీదకు పోయి ఆగిపోయింది. ఇప్పుడు పిలవాల్సింది అతను కాదు.

తెర మీద సున్నా.

సున్నా.

ఒకటి. మూడు. ఆరు. ఇక ఆగలేదు. భీవండివాళ్లు వచ్చారు, షోలాపూర్‌వాళ్లు వచ్చారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. పోయినవాళ్లంతా వచ్చి ఇంకా పదిమంది ఎక్కువే వచ్చారు.

"అచ్చిండ్రు గురువా! అందరచ్చిండ్రు!" ఓదెలు గంతులేశాడు.

"శెబాసు కొడుకా!" రాజవ్వ తాళం ఇల్లు అదిరేలా కొట్టింది.

గురువు పల్లవి మళ్లీ ఎత్తుకున్నాడు. అంతలో ఓదెలు ఫోను మోగింది. తెర మీద సారిక పేరు.

"ఏమైంది? పాట రాలేదా?"

"అచ్చింది," అంది సారిక, ఏడుస్తూ నవ్వుతూ. "ఇనుండ్రి."

సన్నగా, ఊపిరి అందక వణుకుతూ, అయినా శ్రుతి వెంట్రుకవాసి తప్పని ముసలి గొంతు.

"మాట తెగితె ముడి ఎట్ల వేతు గురుడా..."

ఓదెలు స్పీకరు పెట్టి ఫోను గురువు ఒళ్లో ఉంచాడు. బాలదాసు కళ్లు మూసుకుని ఆ గొంతు వెంట తంబూర నడిపాడు. ఇల్లంతా అందుకుంది. ఆ ఏడు ఆరాధనలో రెండో చరణం పాడాల్సినవాడే పాడాడు.

పాటలయ్యాక పుట్నాలూ బెల్లం పంచుతుంటే ఓదెలు గురువు పాదాల దగ్గర కూర్చున్నాడు.

"గురువా, ఒక మాట చెప్పాలె. అన్ని గురువారాలు ఆ కరెంటు..."

బాలదాసు అతని దోసిట్లో పుట్నాలు పోశాడు. "నేను సాంచాల ఊర్ల పుట్టినోణ్ణి బిడ్డా. నాకెందుకు చెప్తవ్?"

ఓదెలు వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ఫోను మళ్లీ మోగింది.

"సారికా? నంబరు గావాల్నా?"

"అడగాల్సిన పని లేదని మీరే రాసిండ్రు గదా."

"మరి?"

ఆమె ఊపిరి వెనక షోలాపూర్ సాంచాలు వినబడుతున్నాయి.

"ఒక్కటి అడుగుత. కరెంటు పోయింది, లైన్లనే ఉండు అనేటోళ్లు గదా మీరు. అప్పుడు మీ ఎనుక సాంచాలు కొట్టుకునేటియి. నేను ఇనుకుంట ఉండేదాన్ని. మా ఊర్ల కరెంటు పోతే సాంచాలు ఆగుతయ్. మీ ఊర్ల ఆగవా, ఓదెలు గారూ?"

ఓదెలు నిలువునా ఆగిపోయాడు. ఇన్నాళ్లూ ఆమెకు తెలుసు. తెలిసీ ఫోన్ పెట్టెయ్యలేదు.

వీధి పొడుగునా సాంచాలు కొట్టుకుంటున్నాయి. ఈసారి అతనికి ఒక్కో సాంచా విడివిడిగా వినబడింది. లోపల ఎవరో తంబూర తీగ ఒక్కసారి మీటి వదిలారు.

"ఆగుతయ్," అన్నాడు ఓదెలు, వాకిట్లో వాళ్లందరికీ వినబడేంత గట్టిగా. "పోయిన వారం తాత పాట తెంపింది నేనే. అన్నన్ని గురువారాలు కరెంటు పోలె సారికా. నీ గొంతు ఇనాలని తీగ నేనే పీకిన."