బట్టమేక గుడ్డూ, మంట దాటని బాటా

అనగనగా ఒక అడవి. అడవి అంటే ఒట్టి చెట్లే అనుకునేరు పిల్లలూ! ఈ అడవిలో పైన ఒక కొండ ఉండేది. కొండ కింద పెద్ద గడ్డిమైదానం, మైదానాన్ని చుట్టుకుని ఒక వాగు. కొండ మీద గుహలో ఎలుగుబంటి కాపురం. గడ్డిలో దుప్పి తన మందతో మేసేది. వాగు ఒడ్డున బురదలో అడవిపంది తన సంసారంతో హాయిగా దొర్లేది.

అదే గడ్డిలో ఒక బట్టమేక కూడా ఉండేది. పేరులో మేక ఉందని మోసపోకండి, అది పిట్ట. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, నెమలంత ఒళ్లు. చెట్టు మీద గూడు కట్టదు, నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ ఏడాదికి ఒక్కటంటే ఒక్కటే.

కిందటి ఎండాకాలం ఆ ఒక్క గుడ్డూ మంటల్లో పోయింది. ఎలా పోయిందో చెప్తాను వినండి.

ఎండలు ముదిరాయంటే అడవికి నిప్పు భయం. అందుకని ఎలుగుబంటి తన కొండంతా ఊడ్చుకుంది. ఊడ్చిన ఎండుటాకులు కొండ కిందికి తోసేసింది. దుప్పి తన ఎండుగడ్డిని కాళ్లతో నెట్టి అక్కడే పోసింది. పంది ఒడ్డునున్న ఎండు తుంగను ముట్టెతో ఎగదోసి అక్కడే పడేసింది. నవ్వకండి, మనమూ అంతేగా! మన వాకిలి అద్దంలా ఊడ్చి, చెత్త మాత్రం పక్కింటి గోడవార పోస్తాం. మూడు హద్దులూ కలిసేచోట ఏనుగంత కుప్ప తయారైంది. అది ఎవరి చోటూ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నిప్పు వచ్చి సరిగ్గా ఆ కుప్పనే పట్టుకుంది. అక్కణ్ణుంచి మూడు వైపులా పాకింది. కొండ కాలింది, గడ్డి కాలింది, తుంగ కాలింది. బట్టమేక గుడ్డు చుట్టూ తిరిగి తిరిగి, ఇక సెగ తాళలేక ఏడుస్తూ ఒంటరిగా ఎగిరిపోయింది.

ఈ ఏడు మళ్లీ ఎండలొచ్చాయి. బట్టమేక మళ్లీ గుడ్డు పెట్టింది. "ఊరుకుంటే ఈ బిడ్డ కూడా నాకు దక్కదు" అనుకుని, అందర్నీ వాగు పక్క ఇసుకలోకి పిలిచింది.

"నా కొండే అన్నిటికంటే పెద్దది. ముందు దాన్ని కాపాడాలి" అంది ఎలుగుబంటి.

"ముందు అంటుకునేది గడ్డి. నా మైదానం సంగతి చూడండి" అంది దుప్పి.

"మీ గొడవ నాకెందుకు? మంటొస్తే నేను మడుగులో మునుగుతాను" అంది పంది.

మొదటి రోజంతా అరుచుకున్నారు. రెండో రోజు అలిగి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో రోజు బట్టమేక ముక్కుతో ఇసుకలో కొండ గీసింది, మైదానం గీసింది, వాగు గీసింది. గుడ్డు ఉన్నచోట చిన్న సున్నా చుట్టింది.

"ఎవరి ఇల్లు గొప్పదో తర్వాత తేల్చుకుందాం. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడెక్కడ తిరిగారో గీయండి" అంది.

ఎలుగుబంటి గోరుతో గీసింది. గుహలో నిద్ర, గడ్డిలో పుట్టలు తవ్వి చెదలు తినడం, వాగులో నీళ్లు. దుప్పి గిట్టతో గీసింది. గడ్డిలో మేత, మిట్టమధ్యాహ్నం కొండ మీద నీడ, మళ్లీ వాగు. చూస్తుండగానే ఇసుకంతా నూలు చిక్కుపడ్డట్టు అయిపోయింది.

"ఇందులో నీ ఇల్లు ఏది మామా?" అని అడిగింది బట్టమేక.

ఎలుగుబంటి బుర్ర గోక్కుంది. "ఏమోనమ్మా, అంతా నాదిలాగే ఉందే!"

"నా గీత చూడండి! వాగు దాటి అడుగు బయట పెట్టలేదు" అంది పంది గర్వంగా.

"కిందటేడు కొండ కాలాక, తొలివానకి నీ మడుగులోకి ఏమొచ్చింది బావా?"

పంది ముట్టె దించుకుంది. "బూడిద. మా చిన్నది ఆ నీళ్లు తాగి నెలరోజులు మంచాన పడ్డట్టు పడింది." మళ్లీ ముట్టె ఎత్తి, "సరే, నేనేం చెయ్యాలో చెప్పు మరదలా" అంది.

అప్పుడు నలుగురూ తలలు దగ్గర పెట్టి ఆలోచించారు. తూర్పునా దక్షిణానా వాగుంది. ఉత్తరాన కొండ వెనక ఒట్టి బండరాయి. నిప్పు వస్తే పడమర నుంచే రావాలి. అందుకని వాగు వంపు నుంచి బండరాయి దాకా ఒకే ఒక్క బాట వేద్దామనుకున్నారు. గడ్డిపరక లేని బాట, మంట దాటలేని బాట. ఇసుకలో ఆ గీత కూడా గీశారు.

మర్నాటి నుంచే పని. పంది సంసారమంతా వరసగా నిలబడి ముట్టెలతో నేల దున్నింది. దుప్పి మంద బాటకి అటూ ఇటూ గడ్డిని మొదలంటా మేసింది. ఎలుగుబంటి ఆకులు ఊడ్చి మోసింది. ఈసారి ఏ హద్దులోనూ పొయ్యలేదు, తీసుకెళ్లి వాగు బురదలో తొక్కేసింది.

పది రోజులు గడిచాయి. అందరి ఒళ్లూ హూనమైపోయింది. పడమటి మూల మిగిలింది. అక్కడ గడ్డి దుప్పి కడుపెత్తు ఉంది. దాన్ని చుట్టి వెళ్లాలంటే ఇంకో నాలుగు రోజుల పని.

"ఈ ఒక్క మూలా బయట వదిలేసి నేరుగా పోదాం" అంది పంది. దుప్పి అలసిపోయిన కళ్లతో తలాడించింది.

గుడ్డు ఉన్నది ఆ మూలలోనే. ఇంతమంది ఇంత కష్టపడ్డాక 'నా ఒక్క గుడ్డు కోసం ఇంకో నాలుగు రోజులు' అనడానికి బట్టమేకకి నోరు రాలేదు. మెడ వాల్చి నిలబడిపోయింది.

ఎలుగుబంటి గోళ్లు అరిగి నెత్తురు కారుతున్నాయి. అది కుంటుకుంటూ ఇసుక దగ్గరికి వెళ్లింది. అందరూ కలిసి గీసిన గీత చూసింది. గీత లోపలున్న చిన్న సున్నాని చూసింది. చూసి వెనక్కి వచ్చింది.

"పోయినేడు మనం చెత్తని హద్దు అవతల పడేశాం. ఇప్పుడు గుడ్డుని పడేద్దామా?" అంది. "అందరం ఒప్పుకుని గీసిన గీత ఇది. నేను చుట్టే పోతాను. వచ్చేవాళ్లు రండి."

పంది సిగ్గుపడి అందరికంటే ముందు పరుగెత్తింది. నాలుగు రోజుల పని మూడు రోజుల్లో ముగిసింది!

బాట పూర్తయిన అయిదో రోజు మధ్యాహ్నం, అడవి అవతల పొలాల్లో ఎవరో కోత అయ్యాక మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు. పడమటి గాలి దాన్ని ఎత్తుకొచ్చింది. గుడ్డు మీద కూర్చున్న బట్టమేక పొడుగు మెడ చాపి ముందుగా పొగని చూసింది. "వస్తోంది! మన మూలకే వస్తోంది!" అని అరిచింది. అరిచిందే గానీ గుడ్డు మీంచి లేవలేదు.

అందరూ పరుగున వచ్చారు. మంట బాట అంచుదాకా వచ్చి ఆగింది. అక్కడ అవతలంతా రాళ్లనేల, పొట్టి గడ్డి. నిప్పుకి తినడానికి ఏమీ దొరకలేదు. మూడుసార్లు రవ్వలు బాట దాటాయి. మొదటిదాన్ని పంది తడి బురద ఒంటితో దొర్లి ఆర్పింది. రెండోదాన్ని దుప్పి మంద గిట్టలతో తొక్కేసింది. మూడోది బట్టమేక రెక్క పక్కనే పడింది. ఎలుగుబంటి అరిగిన గోళ్లతోనే మట్టి తవ్వి దాని మీద పోసింది.

మంట చచ్చిపోయింది! కొండ నిలిచింది, గడ్డి నిలిచింది, వాగు తేటగా నిలిచింది.

దుప్పి రొప్పుతూ ఆ మూలలోని పెద్ద గడ్డిని చూసింది. "ఇంత గడ్డి బాట బయటుండి అంటుకుంటే, ఆ మంట మన బాట దూకి కొండ దాకా పోయేది. మామా, గుడ్డు కోసమని చుట్టి వచ్చాం, అందరం బతికాం!" అంది.

వారం తిరిగేసరికి గుడ్డు పగిలింది. తడి ఈకలతో బుల్లి పిట్ట తూలుతూ లేచి, రెండడుగులు వేసి, ఎలుగుబంటి పాదం మీద కూలబడింది. ఎలుగుబంటి కదలకుండా నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పంది ఎగిరి గంతులేసింది. దుప్పులన్నీ గిరగిరా తిరిగాయి. ఆ వానాకాలం ఎక్కణ్ణుంచో ఇంకో మూడు బట్టమేక జంటలు వచ్చి ఆ గడ్డిలో దిగాయి.

నీతి: ఎవరి వాకిలి వాళ్లు కాచుకుంటే అడవి నిలవదు; అందరూ కూర్చుని ఒకే గీత గీసి, అందులో ఒక్కరినీ బయట వదలకపోతేనే అందరూ బతుకుతారు.