గురవయ్య చూడని కాలిముద్ర

అనగా అనగా, వెలగచెట్లు దట్టంగా ఉన్న ఓ అడవిలో గురవయ్య అనే ముంగిస ఉండేవాడు. ఎప్పటికైనా నోటరీ కావాలని, అంటే కాగితాల మీద సాక్షిగా ముద్ర గుద్దేవాడు కావాలని అతని ఆశ.

అది ఊరికే వచ్చే పని కాదు. పది వానాకాలాలు జంతువుల తగాదాల్లో వకీలుగా వాదించాలి. నమ్మకస్తుడని నలుగురూ చెప్పాలి. అప్పుడు అడవికి పెద్ద అయిన ఏనుగు పెద్దమ్మ నెల రోజులు ముద్ర చేతికిచ్చి పనితీరు చూస్తుంది. నచ్చితేనే లైసెన్సు.

గురవయ్య పదేళ్లూ వాదించాడు. ముద్ర చేతికొచ్చింది.

మొదట జింక ఓ కాగితం పట్టుకుని వచ్చింది.

"నా కళ్లముందే కాలు పెట్టమ్మా" అన్నాడు. పెట్టింది. ముద్ర గుద్దాడు.

తర్వాత కోతి వచ్చింది. "మా తమ్ముడు ఇంట్లోనే వేలిముద్ర వేసేశాడు."

"వాణ్ణి తీసుకురా. ముందు వాడు, తర్వాత ముద్ర."

"అబ్బో, ఇంకా లైసెన్సే రాలేదు!" అని కోతి మూతి తిప్పుకుంటూ పోయింది.

ఆఖరి రోజు జోరువానలో నక్క వచ్చింది.

"బావా, కంజుపిట్ట తన పొద నాకు రాసిచ్చింది. ఇదిగో కాలిముద్ర. నాలుగు గుడ్ల మీద కూర్చుంది, రాలేనంది."

ఆ పొద పదడుగుల దూరమే. కానీ తడవాలి.

"రేపు లైసెన్సు తీసుకోబోయేవాడివి. కంజు కాలు నీకు తెలీదా ఏంటి?" అని నక్క నవ్వింది.

గురవయ్య పొంగిపోయాడు. 'నా ఎదుటే వేసింది' అని రాసి, ముద్ర గుద్దేశాడు.

మర్నాడు లైసెన్సులిచ్చే సభలోకి కంజు పరుగున వచ్చింది.

"పెద్దమ్మా! నక్క నన్ను పొదలోంచి గెంటేసింది. నేను ఏ కాగితం మీదా కాలు పెట్టలేదు. గుడ్లు చల్లబడిపోతున్నాయి!"

పెద్దమ్మ గురవయ్య వైపు తిరిగింది. "ఈ పిల్ల నీ ఎదుటే వేసిందా?"

ఔనంటే లైసెన్సు. అందరూ అతన్నే చూస్తున్నారు. అతని చెవులు వేడెక్కిపోయాయి.

"లేదు పెద్దమ్మా. నేను చూళ్ళేదు. చూశానని రాశాను."

పెద్దమ్మ కాగితం చించేసింది. నక్కను తరమమని ఎలుగుబంటిని పంపింది. ముద్ర వెనక్కి తీసుకుంది. "మళ్లీ మొదటి వానాకాలం నుంచి మొదలుపెట్టు" అంది.

కొన్నాళ్లకు కంజు పిల్లల్ని తీసుకుని అటుగా వచ్చింది. గురవయ్య సిగ్గుతో పుట్ట వెనక నక్కాడు. అయినా లెక్కపెట్టాడు. పెట్టింది నాలుగు గుడ్లు. నడుస్తున్నవి మూడు పిల్లలు.

కంజు ఆగింది. తిట్టలేదు.

"ఒక్క కేకేస్తే వచ్చేదాన్ని కదా మామా" అంది.

గురవయ్య తలెత్తలేకపోయాడు.

నీతి: చూడనిదాన్ని చూశానని రాస్తే, తప్పు ఒప్పుకున్నా పోయింది తిరిగిరాదు.