తేనెటీగ కంటి మీద మంచు

పురుగుల ఫోటో ఒక్కటంటే ఒక్కటి పదునుగా రావడం లేదని నాగవేణి రెండు నెలలుగా గింజుకుంటోంది. పురుగు పెద్దగా కనపడాలని కెమెరాకీ లెన్సుకీ మధ్య మూడు గొట్టాలు బిగించింది, కొత్త ఫ్లాష్ కొంది. అంత దగ్గరికి వెళితే తేనెటీగ మీసం ఒక్కటే స్పష్టంగా వచ్చేది, కళ్ళు మసక. వెంట్రుకవాసి జరిగి మళ్ళీ నొక్కేలోపు అది తుర్రుమనేది.

ఆమెకి ఫోటోలు నేర్పే దస్తగిరి మాస్టారు, ఏటా జరిగే ప్రదర్శనకి శిష్యుల్లో ఒక్కరి ఫోటోనే పంపుతారు. ఈ ఏటి గడువు ఆ సాయంత్రమే. ఆ ఒక్కటీ తనదే కావాలని నాగవేణి పట్టు.

పొద్దున్నే వచ్చి గర్వంగా ఫోటో చూపించింది. నీలిచారల తేనెటీగ. కంటిలోని గళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"కంటి మీద మంచు పట్టిందే! అనంతపురంలో, మే నెలలో, మంచెక్కడిదమ్మా?"

నాగవేణి గతుక్కుమంది. "ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టినా సార్. చానామంది పెడతారంట. చావదు, కదలదు, అంతే."

"ఏదీ అది?"

ఇంకో నాలుగు ఫోటోలు తీద్దామని ఐసు డబ్బాలోనే తెచ్చింది. మాస్టారు మూత తీసి, తేనెటీగని ఆమె అరచేతిలోకి మెల్లగా దొర్లించి, ఆ చేతిని కిటికీ ఎండలోకి జరిపారు.

ఎంతసేపటికీ కదలిక లేదు. చంపేశానేమోనని నాగవేణి అరచేతి మీదికి వంగింది. అప్పుడు అరచేతిలో సన్నటి వణుకు. ముందుకాలు లేచింది. మీసం దువ్వుకుంది. తర్వాత ఒక కన్నూ, ఇంకో కన్నూ, నిద్ర లేచిన పసిబిడ్డలా తుడుచుకుంది.

"సార్, కెమెరా!" అంది గుసగుసగా.

మాస్టారు అందివ్వలేదు. తేనెటీగ కిటికీలోంచి వెళ్ళిపోయింది.

"సాయంత్రానికి ఇదే పంపమంటే పంపుతా. నీ ఇష్టం," అన్నారాయన.

నాగవేణి ఫోటో చూసింది, ఖాళీ అరచేయి చూసుకుంది.

"వద్దు సార్." కిటికీ బయటికి చూస్తూ అడిగింది. "అవి రాత్రి యాడ పడుకుంటాయి?"

"మా పెరట్లోనే. తులసి పుల్లని నోటితో కరుచుకొని. తెల్లారకముందే రా. వెలుతురు దాని కళ్ళలో కొట్టకుండా ఫ్లాష్‌కి పల్చటి కాగితం కట్టుకో. పాపం, రేపు అది లేస్తూనే చూసేది నీ మొహమే."