చేతికందే విస్తరి

అనగనగా ఒక కొండ, ఆ కొండ కాళ్ళ దగ్గర ఒక ఊరు. దుప్పటి కప్పుకుని ఇలా దగ్గరకు జరుగు. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ కొండ దగ్గరే కూర్చుండిపోతుంది.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, గవరయ్య. ఒక్కటే గేదె, దాని పేరు చుక్క. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేదిలే, అందుకని ఆ పేరు. పైడమ్మ కొండెక్కి అడ్డాకులు కోసుకొచ్చి, పుల్లలతో విస్తళ్ళు కుట్టేది. ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా అందరూ భోంచేసేది ఆవిడ కుట్టిన విస్తళ్ళలోనే. విస్తళ్ళమ్మిన డబ్బులు, చుక్క ఇచ్చే పాలు, కొండవారన కాస్త చేను. వాటితోనే తల్లీకొడుకులు గుట్టుగా బతికేవారు.

ఆ ఊరికి ఒక పిచ్చి ఉండేది. ఏమిటంటే, ఎవరింట పెళ్ళి జరిగినా అంతకు ముందు జరిగిన పెళ్ళికంటే విస్తట్లో ఒకటి ఎక్కువ వడ్డించాలి. తగ్గడానికి వీల్లేదు, సమానంగా పెట్టడానికీ వీల్లేదు.

అదెలా మొదలైందో చెప్పనా? ఎప్పుడో ఒకాయన తన కొడుకు పెళ్ళిలో సంతోషంకొద్దీ అందరికీ తలో బూరె వేయించాడు. అప్పుడు ఇంకొకాయన పంతంకొద్దీ బూరె పక్కన అరిసె పెట్టించాడు. ఆ తర్వాత మూడో ఆయన వచ్చాడు. ఆయనకి సంతోషమూ లేదు, పంతమూ లేదు. నేను తక్కువ పెడితే ఏమనుకుంటారో అని భయంకొద్దీ గారె కూడా చేర్చాడు. అక్కణ్ణించి ఇంక అన్నీ భయం పెళ్ళిళ్ళే.

వంటకాలు పెరుగుతుంటే విస్తరి పెరగొద్దూ? పైడమ్మ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోయింది. ముందు విస్తరి చేటంత అయ్యింది, ఆ తర్వాత చేటనీ మించిపోయింది. నీలాంటి పిల్లలకి ఆ చివరున్న అరిసె అందాలంటే లేచి నిలబడాల్సిందే. తిన్నది కొంచెం, పారేసింది బోలెడు. ఆ ఊరి కుక్కలంత బలిసిన కుక్కలు ఇంకెక్కడా లేవు.

మరి అంత వంటకి డబ్బెక్కడిది? పక్క ఊళ్ళో ఒక సావుకారు ఉండేవాడు. పెళ్ళికి కావలసిన సరుకులన్నీ బండి నిండా పంపేవాడు. బదులుగా ఇంట్లో ఉన్న గొడ్డుని తాకట్టు కింద తోలుకుపోయేవాడు. అప్పు తీరిస్తే తిరిగిస్తాను అనేవాడు. అలా ఒక ఇంటి ఆవు పోయింది. అప్పుడు ఇంకో ఇంటి మేకలు పోయాయి. ఆ తర్వాత ఊరి పెద్ద దాలినాయుడి పెద్దకొడుకు పెళ్ళికి ఆయన ఎడ్లజత పోయింది. ఏవీ మళ్ళీ రాలేదు. పశువుల శాలలన్నీ ఖాళీ. అంత పెద్ద విందుల్లో ఆఖరున పెరుగు మాత్రం ఉండేది కాదు. పాడి ముందే వెళ్ళిపోయాక పెరుగెక్కడిది? ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు.

ఇంతలో గవరయ్యకి పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు ముత్యాలు. అప్పట్లో మావైపు పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే చేసేవారు. అంటే విందు పైడమ్మే పెట్టాలి. కొత్త కోడలొస్తుందని సంబరపడాల్సిన మనిషి, ఆ రోజు నుంచి విందు లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. చుక్కకి కుడితి పెడుతూ దాని మొహంలోకి చూడలేకపోయేది.

ముందు తమ్ముడు అప్పన్న దగ్గరకు వెళ్ళింది. "తమ్ముడూ, ఉన్నంతలో సేసుకుంటే ఏటవుతాది?" అని అడిగింది.

"నిన్ను సూసి నవ్వుతారప్పా. నీతోపాటు మమ్మల్నీ సూసి నవ్వుతారు," అన్నాడు తమ్ముడు. చుట్ట వెలిగించుకున్నాడు.

అప్పుడు ఊరి పెద్ద దాలినాయుడి దగ్గరకు వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఖాళీ శాల. "నాయుడు మావయ్యా, ఈ ఒక్కపాలికి తగ్గించుకోనిస్తావేటి?" అంది.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. "నాను పెట్టిన కట్టుబాటు కాదమ్మీ, ఊరిది. తక్కువ పెడితే ఇస్తరి మడిసీడమే," అన్నాడు.

ఆ మాట ఎంత పెద్దదో పైడమ్మకి తెలుసు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఊరంతా తిన్నాకే తాళి కట్టాలి. విందులో పెద్దాయన తినకుండా విస్తరి మడిచేస్తే, అందరూ మడిచి లేచిపోవాలి. అప్పుడిక తాళి లేదు, పెళ్ళి లేదు. ముత్యాలు వచ్చిన దారినే వెనక్కి పోవాలి. గవరయ్యకి ఇంక పిల్లనెవరిస్తారు?

ఆ తర్వాత సావుకారు దగ్గరకు వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? సావుకారు మర్నాడే వచ్చి చుక్క నోరు తెరిచి పళ్ళు చూశాడు, పొదుగు తడిమాడు. "పెళ్ళి ముందు రోజు పొద్దున్న సరుకులు తెస్తాను, గేదెని తోలుకుపోతాను," అన్నాడు. చుక్కకేం తెలుసు పాపం, ఆయన చెయ్యి నాకింది.

ఏంటీ, నిజంగా పట్టుకుపోతాడా అంటావా? నాకూ ఆ భయమేనే. ఊఁ కొట్టు, చూద్దాం.

సావుకారు వెళ్ళాక గవరయ్య తల్లి పక్కన చతికిలపడ్డాడు. "దిగులెట్టుకోకమ్మా. పెళ్ళయ్యాక నానూ ముత్యాలూ కొండ దాటి కూలికెల్తాం. రెండేళ్ళో మూడేళ్ళో పని సేసి సుక్కని ఇడిపించుకొచ్చెత్తాం," అన్నాడు. కొడుకు మంచివాడు, ఓదార్చుదామనే అన్నాడు. కానీ ఆ మాటతో పైడమ్మకి ఉన్న ధైర్యం కాస్తా పోయింది. గొడ్డు ఒక్కటే పోతుందనుకుంది ఇప్పటిదాకా. కొడుకూ కోడలూ కూడా పోతారన్నమాట.

విస్తళ్ళు కుట్టక తప్పదు కదా. ఆకుల మోపు ముందేసుకుని కూర్చుంది. మధ్యలో ఒక ఆకు పెట్టింది. దాని చుట్టూ ఆకులు పేర్చి పుల్లలు గుచ్చింది. ఒక వరస పూర్తయ్యింది. రెండో వరసకి ఆకు తీసింది గానీ, చెయ్యి ముందుకు పోలేదు.

ఒళ్ళో ఉన్న విస్తరిని చూసింది. ఆవిడ కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు నేర్పిన విస్తరి ఇంతే. కూర్చున్న మనిషి చెయ్యి చాస్తే అన్ని వైపులా అందేంత. ఇందులో అన్నం పడుతుంది, పప్పు పడుతుంది, ఒక కూర, ఒక తీపి. ఇంకో వంటకం పెడదామన్నా చోటు లేదు.

పెద్ద విస్తరి వేసి అందులో నాలుగే వడ్డిస్తే వెలితిగా ఉంటుంది. చిన్న విస్తరి వేస్తే నిండుగా ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ తన ఒళ్ళోనే ఉంది. పైడమ్మ పుల్ల విరిచి అంచు ముడేసింది. ఆ సాయంత్రమూ మర్నాడూ కుట్టినవన్నీ అంతంత విస్తళ్ళే. కొడుక్కి కూడా చెప్పలేదు. చెబితే వద్దంటాడేమో, వద్దంటే తను ఆగిపోతుందేమో అని.

పెళ్ళి ముందు రోజు సావుకారు రానే వచ్చాడు. బండి నిండా బెల్లం, నూనె, పిండి, పప్పులు. పైడమ్మ గుమ్మంలో నిలబడి, "బండి తిప్పుకోండి బాబూ, గేదెనివ్వను," అంది.

సావుకారు పందిట్లో పేర్చిన చిన్న విస్తళ్ళు చూసి నవ్వాడు. "రేపు అందరూ లేచిపోయాక నువ్వే నా గుమ్మానికొస్తావు. అప్పుడీ గేదెకి సగం సరుకులే ఇస్తాను," అని బండి తిప్పుకుపోయాడు. పైడమ్మ మెట్టు మీద కూలబడింది. తప్పు చేశానా అనుకుంది. పరిగెత్తి బండిని ఆపుదామా అనుకుంది. ఆలోగా బండి ఊరు దాటిపోయింది.

తెల్లవారింది. పెళ్ళికూతురు వాళ్ళు డప్పులతో వచ్చారు. ముత్యాలు పీట మీద తల వంచుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఊరంతా భోజనాల బంతిలో కూర్చుంది. బంతి మొదట్లో దాలినాయుడు. పైడమ్మే స్వయంగా విస్తళ్ళు వేసుకుంటూ పోయింది. వేస్తుంటే ఒక్కొక్కరే మాటలు ఆపేశారు.

ఆ తర్వాత వడ్డన. తమ చేలో పండిన బియ్యం. ముద్దపప్పు. పెరట్లో కాసిన గుమ్మడికాయ కూర. చుక్క పాలతో పరమాన్నం. అంతే. వడ్డన అయిపోయిందని అందరికీ అర్థమయ్యింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరూ దాలినాయుడి వైపే చూస్తున్నారు.

పైడమ్మ పందిరి రాట పట్టుకుని నిలబడింది. కొడుకు మొహం చూడలేదు, కోడలి మొహం చూడలేదు. దాలినాయుడి చేతినే చూస్తోంది. ఆ చెయ్యి మెల్లగా లేచింది. లేచి విస్తరి అంచు మీద పడింది. అంచు కొంచెం పైకి లేచింది కూడా. తనవల్ల కొడుకు బతుకు పాడైపోయిందనుకుంది పైడమ్మ.

అప్పుడు శాల్లోంచి చుక్క అరిచింది.

హడావిడిలో దానికి కుడితి పెట్టడం అందరూ మర్చిపోయారు. ఊళ్ళో ఏ పెళ్ళైతే నాకేం, నా కుడితి ఏది అన్నట్టు గొంతెత్తి అరిచింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

పెళ్ళి జరిగే ఇంట్లో గొడ్డు అరుపు విని ఎన్నేళ్ళయ్యిందో ఆ ఊరివాళ్ళు. దాలినాయుడు తల తిప్పి శాల వైపు చూశాడు. అలా చూస్తూ ఉండిపోయాడు. విస్తరి అంచు మీదున్న చెయ్యి నెమ్మదిగా జారి అన్నంలోకి వచ్చింది. అన్నం, పప్పు కలిపాడు.

"నెయ్యుందేటి, పైడమ్మా?" అన్నాడు.

ఉండకపోవడమేమిటి, చుక్క పాలవెన్న కాచిన నెయ్యి గిన్నెడుంది. పైడమ్మ తెచ్చే తొందరలో దారంతా ఒలికింది. ఒకరి తర్వాత ఒకరు చేతులు పెట్టారు. ఆఖరున పెరుగొచ్చింది. గడ్డపెరుగు. పెళ్ళి పందిట్లో పెరుగు చూసి ముసలివాళ్ళు మారు అన్నం అడిగారు. ఆ రోజు విస్తళ్ళలో మెతుకు మిగల్లేదు. కుక్కలకి మాత్రం కోపమొచ్చి ఉంటుంది. సాయంత్రం గవరయ్య ముత్యాలు మెళ్ళో తాళి కట్టాడు.

అయిపోయిందనుకున్నావా? ఇంకాస్త ఉంది, కళ్ళు మూసుకునే విను.

మర్నాడు పొద్దున్నే దాలినాయుడు వచ్చి పైడమ్మ అరుగు మీద కూర్చున్నాడు. కట్టుబాటు తప్పినందుకు జరిమానా కట్టమంటాడేమో అనుకుంది పైడమ్మ.

"వచ్చే మాసంలో మా సిన్నోడి పెళ్ళమ్మీ," అన్నాడాయన. "మీ ఇంటికంటే ఒకటి ఎక్కువ పెట్టాల కదా. అన్నం, పప్పు, ఒక కూర, పరమాన్నం, పెరుగు. నాను ఊరగాయ ఏస్తాను."

ఆ మాట అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు గాని పాత లెక్కకి ఒకటి కలిపీసి ఉంటే, నాకు మిగిలిన వరిమడి కూడా పోయుండును. నువ్వేటి వండుతావో అని ఈ నెల్లాళ్ళూ నాకు నిద్దర నేదు."

పైడమ్మ తెల్లబోయింది. ఇన్నాళ్ళూ తను ఈయన చేతికి భయపడింది. ఈయన తన వంటకి భయపడ్డాడా? "మరి ఇస్తరి మీద సెయ్యెందుకేసినావు, మావయ్యా?" అంది.

"మడిసీడానికే," అన్నాడు దాలినాయుడు. తల ఎత్తలేదు. "అందరూ నాకేసే సూత్తంటే భయమేసిందమ్మీ. సుక్క అరవకపోతే మడిసీసి ఉందును."

పైడమ్మకి కోపమొచ్చింది. రాదూ మరి? కొడుకు పెళ్ళి ఒక గేదె అరుపు మీద నిలబడిందంటే ఏ తల్లికి రాదు? కానీ ఆయన లేచి, అడక్కుండానే శాల్లోకి వెళ్ళాడు. చుక్క మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చేసరికి పైడమ్మ కోపం కరిగిపోయింది.

"ఇస్తళ్ళు నిన్నటి కొలతే కుట్టు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఊరగాయొకటి కలిపినా, పెరుగు నేకపోతే నీకంటే ఎక్కువ అవదు. నా శాల్లో పాడి నేదమ్మీ. ఓ కుండెడు పెరుగు ఇప్పిస్తావేటి?"

ఈలోగా శాల్లో కొత్త కోడలు ముత్యాలు చుక్క దగ్గర పాలు పితుకుతోంది. చెంబులో ధార పడే చప్పుడు అరుగు దాకా వినిపిస్తోంది. పైడమ్మ కాసేపు ఆ చప్పుడే వింది.

"అప్పుకి కాదు, ఊరికే ఇస్తాను మావయ్యా," అంది.

కథేమో కంచికి,
చుక్కేమో శాలకి,
పెరుగేమో ఉట్టికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి.