నిదానమ్మ కొండ తొలి నడక

కొండ దిగి వచ్చారు. కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. ఇప్పుడు చెప్పండి, ఏం చూశారు? మబ్బులు, లోయ అనకండి. అవి ఏ కొండ మీదైనా ఉంటాయి. ఐదుగురు చేతులు కలిపినా చుట్టు అందని గుగ్గిలం చెట్లను చూశారా? వాటి మొదళ్ళలో బెరడు నున్నగా అరిగిన చోటు చూశారా? చూడకపోతే మీకు అమ్మ దర్శనం సగమే అయినట్టు.

వానాకాలం నాలుగు నెలలూ ఈ కొండకు ఎవరూ వెళ్ళరు. కార్తీకం తొలి బుధవారం తెల్లవారగానే దారి తెరుస్తారు. ఎక్కడమూ దిగడమూ ఆ పగటిలోనే జరగాలి. పైన ఊట పక్కన ఒక కాలు మడిచి, ఒక కాలు చాపుకుని కూర్చున్న రాతి తల్లి పేరు నిదానమ్మ. ఆ పేరు వెనక పెద్ద గెలుపు ఉంది.

పూర్వం ఇక్కడ కింది కోటను ఏలిన దొర, కొత్త కోటకు దూలాలు కావాలని నలభై గొడ్డళ్ళతో కొండ మొదటికి వచ్చాడు. ఊరు అడ్డం నిలిచింది. "అడవి మీదంటారు. మీదైతే దారి తెలియాలి కదా" అన్నాడు దొర. "వేసవిలో వేటకెళ్ళి పైన మీరు మొక్కే రాయి దగ్గర నా బల్లెం దిగేసి వచ్చాను. రేపు ఏడుగురు వెళ్ళండి. పొద్దు వాలేలోగా అది పట్టుకుని ఏడుగురూ తిరిగి రావాలి. ఒక్కరు తగ్గినా చెట్లు నావి." వానలు అప్పుడే వెలిశాయి. కాలిబాటను తీగలు కప్పేశాయి. దొర ఆ సంగతి తెలిసే అన్నాడు.

ఆరుగురు పడుచువాళ్ళు ముందుకొచ్చారు. ఏడో మనిషిగా బుద్రి లేచింది. చిన్ననాడు కాలు విరిగి వంకరగా అతికిన ముసలి మనిషి. అయినా తేనెకూ దుంపలకూ ఆమె కొండెక్కినన్ని సార్లు ఊళ్ళో ఎవరూ ఎక్కలేదు. ఆమె మేనల్లుడు గాసి నవ్వాడు.

"అత్తా, నువ్వు బయలుదేరితే వచ్చే పున్నానికి చేరతావు."

"చేరడమైతే చేరతాను కదరా. నీ సంగతి చూసుకో."

తెల్లవారగానే ఆరుగురూ పరుగు తీశారు. తీగల మధ్య తేటగా కనిపించిన బాట పట్టారు. వానలు వెలిసిన కొత్తలో అడవిలో తేటగా కనిపించేది మనిషి బాట కాదు. ఉప్పుమట్టి నాకడానికి అడవిదున్నలు తొక్కిన బాట. అది వాళ్ళను లోయ అంచుకు తీసుకెళ్ళి నిలబెట్టింది.

బుద్రి ఎప్పటిలాగే నడిచింది. కాలి నొప్పికి ఏటేటా ఏ చెట్టుకు ఆనుకుని ఆగేదో ఆ చెట్టునే వెతుక్కుంది. ఆమె వీపు తగిలి తగిలి అక్కడ బెరడు నున్నబడింది. ఒక చెట్టు దగ్గర ఆగితే తర్వాతి చెట్టు ఎటుందో కాలే చెప్పేది. పరుగెత్తేవాళ్ళు ఏ చెట్టు దగ్గరా ఆగలేదు, అందుకే వాళ్ళకు ఏ చెట్టూ తెలియదు.

తొమ్మిదో చెట్టు దగ్గర ఆమె కూర్చుని ఉండగా, ఆమె దగ్గు విని ఆరుగురూ వెతుక్కుంటూ వచ్చారు. కాళ్ళ నిండా జలగలు, ఒంటి నిండా ముళ్ళ గీతలు.

"పున్నం అయిందా?" అని అడిగింది బుద్రి. గాసి వంగి కాళ్ళకు పట్టిన జలగలు పీక్కున్నాడు. "సరే, నా వెనక నడవండి. నన్ను ఎవరూ దాటొద్దు."

ఇరవై ఏడు చెట్లు దాటి పైకి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. బల్లెం దొరికింది. అంతవరకు అందరూ అక్కడ ఉన్నది ఒట్టి రాయి అనుకునే మొక్కేవారు. బుద్రి దాని ముందు చతికిలబడి కాలు చాపుకుని తలెత్తింది. నాచు కింద తల్లి కూడా కాలు చాపుకునే కూర్చుని ఉంది. "నువ్వూ నిదానంగా ఎక్కినదానివేనా అమ్మా" అని అడిగిందట. పక్కనున్న ఊట బుడబుడమని పొంగిందట. ఆనాటి నుంచి ఆ తల్లి నిదానమ్మ అయింది.

దిగేటప్పుడు గాసికి కంగారు పుట్టింది. "పొద్దు వాలిపోతోంది అత్తా. నిన్ను ఎత్తుకుని పరుగెత్తుతాను, రా."

"ఎత్తుకుంటావు సరే. దారి నా కాలికి తెలుసు, నీ భుజానికి తెలియదు."

పొద్దు ఇంకా మూరెడు ఎత్తున ఉండగానే బుద్రి ముందు, ఆరుగురు వెనక, కొండ దిగారు. దొర ఒకటికి రెండుసార్లు తలలు లెక్కపెట్టాడు. ఏడు. బుద్రి అతని కాళ్ళ ముందు బల్లెం నేలలో దిగేసింది. నలభై గొడ్డళ్ళూ వచ్చిన దారినే తిరిగిపోయాయి. వాటి వెనక ఊరి డప్పులు మోగాయి.

ఆ తర్వాతా గొడ్డళ్ళు వచ్చాయి. మా కాలంలో కాగితాలు పట్టుకుని వచ్చాయి. ప్రతిసారీ ఊరు ఆ వరసలోనే నడిచి ఎదురు నిలిచింది, ప్రతిసారీ గెలిచింది. చెట్లు నిలబడే ఉన్నాయి. ఇంతకంటే మహిమ ఏం కావాలి?

నేటికీ తొలి నడకలో గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవారే ముందుండాలి. వారిని దాటకూడదు. వారు ఆగిన చెట్టుకు అందరూ వీపు ఆనించి నిలవాలి. అలా నడిచినవారి మోకాళ్ళ నొప్పులు తీరుతాయని, తప్పిపోయినవారు ఇల్లు చేరతారని నమ్మకం. ఇక్కడ వేరే హారతి లేదు. దిగి వచ్చాక తలలు లెక్కపెట్టుకోవడమే హారతి.

మీరు దిగి వచ్చి కూర్చున్నారు, బాగుంది. మీతో బయలుదేరినవారిలో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు?